జాన్ మ్యూర్ ట్రైల్ మీద వారం రోజులు: బ్యాగు 43 పౌండ్లు తేలింది, ఏం తీసెయ్యాలి?

సాఫ్ట్‌వేర్_సన్యాసి (జులై 21, రాత్రి 11:20)

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు, ఇప్పుడు అవసరం పడింది కాబట్టి వచ్చాను, తిట్టకండి.

చలికాలం చివర్లో సరదాకి లాటరీ వేస్తే కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కు పర్మిట్ తగిలింది. ఆగస్టు 19న లైయెల్ క్యాన్యన్ నుంచి బయల్దేరి డోనహ్యూ పాస్ (కొండ కనుమ) దాటడానికి, ఇద్దరికి. నేనూ మా బావమరిదీ. టువాలమీ మెడోస్‌లో మొదలుపెట్టి జాన్ మ్యూర్ ట్రైల్ మీద దక్షిణంగా రెడ్స్ మెడో దాకా, అక్కడి నుంచి ఇంకా ముందుకెళ్లి డక్ పాస్ మీదుగా మామత్ లేక్స్‌లో దిగాలని ప్లాన్. 55 మైళ్లకు అటూ ఇటూ, ఏడు రోజులు. ఇంతకు ముందు నేను చేసినవి రెండు రోజుల ట్రిప్పులు మూడంటే మూడు. బావమరిది డాలస్‌లో ఉంటాడు, రోజూ జిమ్‌కి వెళ్తాడు, కొండ అనేది చూసి ఐదేళ్లయింది.

నిన్న రాత్రి బ్యాగు సర్ది బాత్రూమ్ తూకం మీద పెడితే 43 పౌండ్లు. నీళ్లు పొయ్యకుండానే. నా బరువు 154. భుజానికి తగిలించుకుని హాల్లో రెండు రౌండ్లు తిరిగేసరికి మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఉన్నవి చెప్తున్నాను: ఇద్దరు పట్టే టెంట్, స్లీపింగ్ బ్యాగు, గాలి పరుపు, బేర్ డబ్బా (ఎలుగుబంట్లు తెరవలేని తిండి డబ్బా), స్టవ్, రెండు గిన్నెలు, గరిటె, చిన్న పోపుల డబ్బా, ఏడు రోజుల బియ్యం, కందిపప్పు, జీన్స్ ఒకటి, ట్రాక్ ప్యాంట్లు రెండు, టీ షర్టులు ఐదు, మడత కుర్చీ, పవర్ బ్యాంకులు రెండు, గొడ్డలి చిన్నది, కెమెరా, ట్రైపాడ్, ఫస్ట్ ఎయిడ్ పెద్ద డబ్బా. బియ్యం సగం కూడా బేర్ డబ్బాలో పట్టలేదు. ఏం తీసెయ్యాలో చెప్పండి.

---

సియెర్రా_శీను (జులై 21, రాత్రి 11:58)

తమ్ముడూ, గొడ్డలి ఎవరి కోసం?

---

సాఫ్ట్‌వేర్_సన్యాసి (జులై 22, ఉదయం 12:04)

కట్టెలకి అన్నా. మంట వేసుకోవాలి కదా రాత్రి.

---

సియెర్రా_శీను (జులై 22, ఉదయం 12:31)

యోసెమిటీలో 9,600 అడుగులు దాటితే మంట వెయ్యనివ్వరు. డోనహ్యూ పాస్ 11,056. దాని అవతల వేరే అడవి, వేరే రూల్సు, ఎండాకాలంలో అక్కడ కూడా చాలాసార్లు నిషేధమే ఉంటుంది. గ్యాస్ స్టవ్ వెలిగించడానికి కూడా కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ అని ఒకటి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఊరికే ఇస్తారు, పది నిమిషాల పని. గొడ్డలి ఇంట్లో పెట్టు.

మిగతాది వరసగా. జీన్స్ తీసెయ్, తడిస్తే రెండు రోజులకి కూడా ఆరదు, పైగా బరువు. ట్రాక్ ప్యాంట్లు రెండూ తీసెయ్, నడవడానికి పల్చటి ప్యాంటు ఒకటి వేసుకుని వెళ్లు, పడుకోవడానికి థర్మల్ ఒకటి. టీ షర్టులు ఐదు కాదు, ఒంటి మీద ఒకటి, బ్యాగులో ఒకటి, అవి కూడా కాటన్ వద్దు. వాసన వస్తుందా అంటే వస్తుంది. నీ వాసన నీకు మూడో రోజు నుంచి తెలియదు, మీ బావమరిది వాసన కూడా తెలియదు. కుర్చీ తీసెయ్, అక్కడ రాళ్లకి కరువేం లేదు. పవర్ బ్యాంకు ఒకటి చాలు. ట్రైపాడ్ సంగతి నీ ఇష్టం, కానీ మూడో రోజు దాన్ని నువ్వే తిట్టుకుంటావు. మేజోళ్లు మాత్రం మూడు జతలు పెట్టుకో, ఉన్ని కలిసినవి, అక్కడ పిసినారితనం వద్దు.

చలికి పఫీ జాకెట్, వానకి రెయిన్ జాకెట్ నీ లిస్టులోనే లేవు! పోపుల డబ్బా గుర్తొచ్చింది, రెయిన్ జాకెట్ గుర్తు రాలేదు.

---

వంటింటి_వదిన (జులై 22, ఉదయం 7:15)

పోపుల డబ్బాని ఏమీ అనకండి శీను గారూ, ఆ అబ్బాయి మనసు నాకు అర్థమైంది :)

నేనూ మావారూ 2019లో మొత్తం ట్రైల్ నడిచాం, 211 మైళ్లు, 21 రోజులు. అందుకని తిండి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదటిది, కందిపప్పు అక్కడ ఉడకదు. పది వేల అడుగుల మీద నీళ్లు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి, ఎంత మంట పెట్టినా అంతకన్నా వేడెక్కవు. కుక్కర్ మోసుకెళ్తే తప్ప పప్పు పలుకు పలుకులాగే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. బియ్యం కూడా అంతే, పైన మెత్తబడుతుంది, లోపల ముల్లు ఉండిపోతుంది.

కాబట్టి వంట మొత్తం ఇంట్లోనే అయిపోవాలి. అక్కడ చెయ్యాల్సింది వేడినీళ్లు పొయ్యడం, మూత పెట్టడం, అంతే. నేను చేసింది ఇది. బొంబాయి రవ్వ నేతిలో బాగా వేయించి, పోపు కూడా ఇంట్లోనే పెట్టేసి (ఆవాలు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు తేమ పోయేదాకా), ఉప్పు కలిపి ఒక్కో పూటకి ఒక్కో జిప్ కవరు. దాని మీద మరిగే నీళ్లు పోసి, కవరు మూసి, ఉన్ని టోపీలో చుట్టి పది నిమిషాలు పక్కన పెడితే ఉప్మా తయారు. అటుకుల పులిహోర కూడా అలాగే, చింతపండు గుజ్జుని నూనెలో దగ్గరకయ్యేదాకా ఉడికించి తీసుకెళ్తే చాలు. అన్నం, పప్పు ఇంట్లో వండి డీహైడ్రేటర్‌లో గలగలమనేదాకా ఎండబెడితే సాంబారు అన్నం కూడా వస్తుంది. గ్యాస్ ఆపేశాక ఇరవై నిమిషాలు నానాలి, తొందరపడితే గులకరాళ్లు నమిలినట్టు ఉంటుంది.

రెండోది, డబ్బాలో చోటు. మీరు కొన్నది పెద్దదే అయితే లోపల పదకొండున్నర లీటర్లు పడుతుంది, ఖాళీ డబ్బాయే రెండున్నర పౌండ్ల పైన ఉంటుంది. అందులో తిండితో పాటు టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, లిప్ బామ్, వాసన వచ్చే చెత్త అన్నీ పట్టాలి. కాబట్టి చోటుకి ఎంత బలం వస్తుందో చూసుకోవాలి. మరమరాలు తెచ్చారంటే గాలి మోసినట్టే. నెయ్యి గ్రాముకి 9 కేలరీలు, వేరుశెనగ ఆరుకి దగ్గర, అటుకులు మూడున్నర. నేను సున్నుండలు పెట్టుకున్నాను, అడుగున ఒక వరస గట్టిగా అదిమి. పల్లీ పట్టీ, ఎండుకొబ్బరి, బెల్లం. మా అత్తగారు అరిసెలు పంపారు, అవీ పట్టాయి, ఏడు రోజులైనా చెక్కుచెదరలేదు. జంతికలు మాత్రం వద్దు, మొదటి రోజే పొడి.

---

గుంటూరు_కారం_ఫ్రీమాంట్ (జులై 22, ఉదయం 8:02)

వదిన గారి పోస్టు ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను. కందిపొడి గురించి రాయలేదేంటండీ? కందిపొడి, నెయ్యి లేకుండా ఏడు రోజులా?

---

వంటింటి_వదిన (జులై 22, ఉదయం 8:20)

కందిపొడి లేకుండా ఎలా వెళ్తానండీ. అది చెప్పాల్సిన పని లేదనుకున్నాను.

---

మోకాలి_చిప్ప (జులై 22, మధ్యాహ్నం 1:44)

అందరూ ఏడు రోజుల తిండి ఏడు రోజుల తిండి అంటున్నారు, ఒక్కరూ మ్యాప్ చూడట్లేదా? టువాలమీ నుంచి రెడ్స్ మెడో 37 మైళ్ల చిల్లర. అక్కడ కొట్టు ఉంది, హోటల్ ఉంది, డబ్బులిస్తే వేడినీళ్ల స్నానం కూడా ఉంది. అంటే నాలుగో రోజు సాయంత్రానికో ఐదో రోజు పొద్దునకో మీరు ఒక పూట కూర్చుని తిని, మిగతా రోజులకి సరుకు కొనుక్కోవచ్చు. కాబట్టి మోయాల్సింది నాలుగున్నర రోజుల తిండి. అక్కడే మూడు నాలుగు పౌండ్లు పోయాయి. రెడ్స్ మెడో రోడ్డు మీద ఈమధ్య పెద్ద పనులు జరిగాయి, కొట్టు తెరిచి ఉందా, షటిల్ ఏ రోజుల్లో తిరుగుతోంది అనేది వెళ్లే వారం ఒకసారి చూసుకోండి.

దక్షిణాన మ్యూర్ ట్రైల్ రాంచ్‌కి వెళ్లేవాళ్లు ముందే ప్లాస్టిక్ బకెట్లలో తిండి పోస్టులో పంపుకుంటారు, మీకు ఆ గోల కూడా లేదు.

కారు సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి చెప్తున్నా, కారు మామత్‌లో పెట్టి పొద్దున్నే యార్ట్స్ బస్సెక్కి టువాలమీకి పొండి. చివరికి కారు దగ్గరికి నడుచుకుంటూ రావాలి కానీ, ఏడు రోజులు నడిచాక బస్సు కోసం టైము చూసుకుంటూ పరిగెత్తడం నరకం. నాకు జరిగింది.

---

సాఫ్ట్‌వేర్_సన్యాసి (జులై 22, సాయంత్రం 6:30)

అయ్యో, రెడ్స్ మెడో ప్లాన్‌లో పెట్టుకుని కూడా తిండి లెక్కలో వదిలేశాను. థాంక్స్ అన్నా. మూడున్నర పౌండ్ల బియ్యం ఇప్పుడే తిరిగి వంటింటి బియ్యం డబ్బాలో పోసేశాను, మా ఆవిడ చూస్తూ ఉంది.

---

పంజాగుట్ట_పాదచారి (జులై 22, రాత్రి 9:10)

నేను హైదరాబాద్. పోయినేడు కాశ్మీర్ గ్రేట్ లేక్స్ చేసినం ఏడు రోజులు, సోనామార్గ్ నుంచి నారానాగ్ దాకా. నిచ్నై, గడ్సర్ రెండు పాస్‌లు కూడా పదమూడు వేల అడుగుల మీదనే. మాకు ఈ బరువు లెక్కలు ఏం లేవు భయ్, టెంట్లు, గిన్నెలు అన్నీ గుర్రాల మీద. క్యాంప్‌కి పోంగనే వేడివేడి పకోడీ. అక్కడ అమెరికాలో గుర్రాలు దొరకవా?

---

సియెర్రా_శీను (జులై 22, రాత్రి 9:41)

దొరుకుతాయి, కంచరగాడిదలు, డబ్బులెక్కువ. కానీ గుర్రం మోస్తే అది బ్యాక్‌ప్యాకింగ్ ఎలా అవుతుంది?

---

పంజాగుట్ట_పాదచారి (జులై 22, రాత్రి 9:55)

అన్నా, మాతోటి వచ్చిన గుర్రాలాయన ఆ కొండల్లనే పుట్టినోడు, ఆ సీజన్ సంపాదనతోనే ఇల్లు నడుస్తది. మేం ఎత్తుకుపోతే ఆయనకేం మిగుల్తది? మీ దగ్గర పద్ధతి వేరు, మా దగ్గర వేరు. గడ్సర్ పాస్ మాత్రం గుర్రం మీద ఎక్కలే, మా కాళ్లతోనే ఎక్కినం.

---

సియెర్రా_శీను (జులై 22, రాత్రి 10:03)

సరే, ఆ మాట ఒప్పుకుంటాను.

---

అలిపిరి_నుంచి_అమెరికా (జులై 23, ఉదయం 6:50)

చిన్నప్పటి నుంచి అలిపిరి మెట్లు, 3,550, ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. అది సరిపోతుందా ఈ ట్రైల్‌కి? నేనూ వచ్చే ఏడాది లాటరీ వేద్దామనుకుంటున్నా. లాటరీ ఎప్పుడు వెయ్యాలి?

---

మోకాలి_చిప్ప (జులై 23, ఉదయం 9:12)

లాటరీ మీరు బయల్దేరే తేదీకి 24 వారాల ముందు. కోటాలో 60 శాతం అలా పోతుంది, మిగతా 40 శాతం సరిగ్గా ఏడు రోజుల ముందు పొద్దున 7 గంటలకి వదులుతారు, తత్కాల్ టికెట్ అనుకోండి. మన వాళ్లకి ఆ ప్రాక్టీసు ఉంది.

మెట్ల గురించి: ఎక్కడం ఎవరైనా ఎక్కేస్తారండీ. నా పేరు చూశారుగా, దిగేటప్పుడే అసలు కథ. అలిపిరి ఎక్కి బస్సులో దిగుతారు మనవాళ్లు, ఇక్కడ బస్సు లేదు. బే ఏరియాలో ఉంటే మిషన్ పీక్ వారానికి రెండుసార్లు, బ్యాగులో నీళ్ల క్యాన్ పెట్టుకుని ఎక్కండి, దిగండి, ముఖ్యంగా దిగండి. డాలస్ బావమరిదికి పార్కింగ్ గ్యారేజీ మెట్లే దిక్కు. ట్రెకింగ్ పోల్స్ రెండూ తీసుకెళ్లండి, ముసలాళ్ల కర్రలని నవ్వకండి.

---

డాక్టర్_రాజమండ్రి (జులై 23, రాత్రి 8:25)

డాలస్ అబ్బాయి గురించే నాకు దిగులు. జిమ్‌కీ ఎత్తుకీ సంబంధం లేదు, కండలున్న వాళ్లకి ఎత్తు పడదని కాదు, పడుతుందని గ్యారంటీ కూడా లేదు. విమానం దిగి ఆ రోజే 8,600 అడుగుల టువాలమీలో పడుకుని మర్నాడే పాస్ వైపు పరిగెత్తకండి. ముందు మామత్‌లో ఒక రాత్రి, తర్వాత టువాలమీ బ్యాక్‌ప్యాకర్ల క్యాంపులో ఒక రాత్రి (పర్మిట్ ఉన్నవాళ్లకి బయల్దేరే ముందు రాత్రి అక్కడ ఉండనిస్తారు), అప్పుడు నడవండి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, నిద్ర పట్టకపోవడం మొదటి లక్షణాలు. అవి ఉండగా ఇంకా పైకి వెళ్లకూడదు. తూలుతూ నడుస్తున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దించాలి, అర్ధరాత్రయినా సరే. దీనికి మాత్రలు ఉన్నాయి కానీ సల్ఫా మందులు పడనివాళ్లు జాగ్రత్తగా ఉండాలి, మీ డాక్టర్ని అడిగే వాడండి, ఇక్కడ చదివి కాదు.

---

అడగలేక_అడుగుతున్నా (జులై 24, రాత్రి 11:47)

కొత్త ఐడీతో వచ్చాను, నవ్వొద్దు. ఏడు రోజులు... రెండోది ఎలా అండీ?

---

వంటింటి_వదిన (జులై 25, ఉదయం 7:05)

నవ్వేదేం లేదమ్మా, అందరూ అడగాల్సిన ప్రశ్న. నీళ్లకీ, దారికీ, క్యాంపుకీ 200 అడుగుల దూరం వెళ్లాలి, పెద్ద అడుగులేస్తే డెబ్బై. చిన్న పార తీసుకెళ్లాలి, ఆరంగుళాల లోతు తవ్వాలి, పని అయ్యాక మట్టి కప్పాలి. పేపరు వాడితే అది పూడ్చకూడదు, రెండు కవర్లలో చుట్టి వెనక్కి మోసుకురావాలి. మనకి నీళ్ల అలవాటు కాబట్టి ఆ బాధ తక్కువ, ఒక చిన్న బాటిల్‌కి చిల్లుల మూత పెట్టుకుంటే చాలు. చేతులకి సబ్బు కూడా నీళ్లకి దూరంగానే. ఆడవాళ్లకి ఇంకేమైనా అడగాలంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

---

చెల్లెలి_తరఫున (జులై 26, మధ్యాహ్నం 12:10)

డాలస్ బావమరిది గారి భార్య తరఫున అడుగుతున్నాను (మాకు తెలిసినవాళ్లే). ఎలుగుబంట్ల గురించి ఆమెకి నిద్ర పట్టట్లేదట.

---

సియెర్రా_శీను (జులై 26, మధ్యాహ్నం 12:52)

అక్కడ ఉన్నవి నల్ల ఎలుగులు. రాష్ట్రం జెండా మీద ఉండే గ్రిజ్లీ కాలిఫోర్నియాలో ఎప్పుడో అంతరించింది. నల్ల ఎలుగుకి మీ ఆయన అక్కర్లేదు, సున్నుండలు కావాలి. అందుకే డబ్బా. రాత్రి మూత సరిగ్గా బిగించి, టెంట్‌కి దూరంగా, నీళ్లలోకీ లోయలోకీ దొర్లిపోని చోట నేల మీద పెట్టాలి. చెట్టుకి వేలాడదీయడాలు అవీ అక్కడ ఒప్పుకోరు. వస్తే గట్టిగా అరిచి గిన్నెలు కొట్టండి.

నా పదకొండు ట్రిప్పుల్లో నష్టం చేసింది మర్మోట్లు. పందికొక్కుకి స్వెట్టర్ తొడిగినట్టు ఉంటుంది. చెమట ఉప్పు కోసం బ్యాగు పట్టీలు కొరుకుతాయి.

---

సాఫ్ట్‌వేర్_సన్యాసి (ఆగస్టు 16, రాత్రి 10:15)

ఫైనల్ తూకం: తిండితో కలిపి 29. ట్రైపాడ్ తీసేశాను, కెమెరా ఉంచాను, కుర్చీ తీశాను. బావమరిది బ్యాగు 38, ఏం ఉన్నాయో చూపించట్లేదు. రేపు బయల్దేరుతున్నాం.

---

సాఫ్ట్‌వేర్_సన్యాసి (ఆగస్టు 30, సాయంత్రం 5:40)

వచ్చాం, బతికే ఉన్నాం. వారం లేటుగా రాస్తున్నాను, ఆఫీసులో పేరుకున్న మెయిళ్లు అలాంటివి.

మొదటి రోజు లైయెల్ క్యాన్యన్ గురించి ఎవరూ చెప్పలేదేంటి నాకు? ఎనిమిది మైళ్లు బల్లపరుపుగా, పక్కనే ఏరు, గడ్డి అప్పుడే పసుపు తిరుగుతోంది, మా ఊరి కాలవగట్టు మీద నడిచినట్టే ఉంది, కాకపోతే రెండు వైపులా రాతి కొండలు. మొదటి నాలుగు మైళ్లలో క్యాంప్ వెయ్యకూడదని రేంజర్ చెప్పింది, మేం దాదాపు చివరిదాకా వెళ్లి వేశాం. బావమరిది ఎవరి మాటా వినకుండా ముందు ముందు పోయాడు. రాత్రికి తలనొప్పి. డాక్టరు గారూ, మీ పోస్టు తనకి చదివి వినిపించాను, ఉప్మా కూడా తినలేదు. అయినా పైకి పోదామంటాడు. నేను ఒప్పుకోలేదు, మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయాం, ఏరు పక్కన పడుకుని. తలనొప్పి పూర్తిగా పోయి ఆకలి వేసిందన్నాకే కదిలి, రెండు మైళ్లు మాత్రం నడిచి ఆగాం. అలా ఒక పూట పోయింది. ఆ ఖాళీలోనే తన బ్యాగు విప్పి చూశాను: ప్రోటీన్ పౌడరు రెండు కిలోలు, డంబెల్ లాంటి బ్లూటూత్ స్పీకరు.

మూడో రోజు డోనహ్యూ. పొద్దున ఐదున్నరకే కదిలాం. పైకి పోతుంటే కుడివైపు లైయెల్ హిమానీనదం కనిపిస్తుంది, 2013లో దాని కదలిక ఆగిపోయిందని తేల్చారట. దాని పక్కన మెక్లూర్ మాత్రం ఇంకా రోజుకి అంగుళం జరుగుతోందట, 1872లో జాన్ మ్యూర్ (ఈ ట్రైల్ పేరు ఆయనదే) కర్రలు పాతి కొలిచినప్పుడూ అంతేనట. దారిలో కలిసిన ఒక పెద్దావిడ చెప్పింది, డెబ్బై దాటి ఉంటాయి, మా ఇద్దరి కన్నా ముందు పాస్ ఎక్కేసింది. పదిన్నరకి మేమూ ఎక్కాం. ఒంటిగంటకి అవతలి లోయలో ఉండగా ఉరుములు, తర్వాత వడగళ్లు, శనగగింజలంత. రెయిన్ జాకెట్ గుర్తు చేసిన శీను అన్నకి అక్కడి నుంచే దండం పెట్టాను.

ఆ రాత్రి థౌజండ్ ఐలండ్ లేక్. సరస్సు నీళ్లు బయటికి పారే చోటికి పావు మైలు లోపు క్యాంప్ వెయ్యకూడదు, ఉత్తరపు ఒడ్డు వెంట ఇంకా లోపలికి నడిచి వేశాం. పొద్దున బ్యానర్ పీక్ మీద మొదటి ఎండ పడితే రాయి మొత్తం ఇటుక రంగు. నేను కెమెరా తియ్యడానికి లేచి చూస్తే బాటిల్ మీద మంచు పొర, నీళ్ల ఫిల్టర్ రాత్రంతా బయటే ఉంది. తడి ఫిల్టర్ ఒకసారి గడ్డ కడితే లోపలి సన్న గొట్టాలు పగులుతాయి, బయటికి ఏమీ తెలియదు, నీళ్లు మామూలుగానే వస్తాయి, పగిలాయో లేదో చూసే దారి లేదు. ఎవరూ చెప్పలేదని కాదు, దాని కాగితం మీదే ఉంది, నేనే చదవలేదు. అక్కడి నుంచి క్లోరిన్ మాత్రలే. ఆ నీళ్లు స్విమ్మింగ్ పూల్ మింగినట్టున్నాయి, కొంచెం చింతపండు గుజ్జు కలిపితే తాగగలిగాం. మీరు వెళ్తే ఫిల్టర్‌ని కవర్లో పెట్టి స్లీపింగ్ బ్యాగులో పాదాల దగ్గర పెట్టుకోండి.

గార్నెట్ లేక్ దగ్గర ఇంకో ఘనకార్యం. గోంగూర పచ్చడి కవరు ఎత్తుకి బుడగలా ఉబ్బి, డబ్బాలో మిగతా వాటి ఒత్తిడికి పగిలింది. సున్నుండలకి గోంగూర, టూత్‌పేస్టుకి గోంగూర. డబ్బా ఏట్లో కడగకూడదు కదా, గిన్నెతో నీళ్లు తెచ్చి దూరంగా రాళ్ల మీద కూర్చుని గంటసేపు తుడిచాను. బావమరిది మాత్రం సున్నుండ అలాగే తిని బాగుందన్నాడు, ఆకలి అంత దాకా వచ్చింది మరి.

రెడ్స్ మెడోకి దిగేది అంతా దిగుడే. మోకాలి చిప్ప అన్న చెప్పింది అక్షరాలా నిజం. బావమరిది వెళ్లే వారమే కొన్న బూట్లు, గోళ్లు రెండు నల్లబడ్డాయి, మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ. డెవిల్స్ పోస్ట్‌పైల్ రాతి స్తంభాలు చూడటానికి కూడా కుంటుతూ వచ్చాడు. హోటల్ తెరిచే ఉంది. ఇద్దరం కలిసి ఎంత తిన్నామో రాయను. ప్రోటీన్ పౌడరు, స్పీకరు అక్కడే వదిలేద్దామంటే, స్పీకరు మాత్రం వదలనన్నాడు.

ఇక్కడ షటిల్ ఎక్కి మామత్‌కి పోదాం అని నేనే అన్నాను, తన కాళ్లు చూసి. తను ఒప్పుకోలేదు. బొబ్బకి టేపు వేసుకుని, బూట్లు బ్యాగుకి కట్టి, క్యాంపులో వేసుకునే రబ్బరు చెప్పులతో డక్ లేక్ దాకా నడిచాడు. చెప్పులు వద్దని చెప్పాను. కానీ నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులు తను నాకన్నా బాగా నడిచాడు. డక్ పాస్ అవతల దిగుతుంటే ఎదురొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఆ చెప్పులు చూసి ఫోటో అడిగారు.

మర్మోట్ సంగతి: నా ట్రెకింగ్ పోల్ చేతిపట్టీ ఒకటి లేదు ఇప్పుడు.

---

డాక్టర్_రాజమండ్రి (ఆగస్టు 30, రాత్రి 7:30)

ఆ పూట ఆగినందుకు మెచ్చుకుంటున్నాను. చాలామంది ఆగరు. గోళ్లు ఊడతాయి, కంగారు పడొద్దు, కొత్తవి రావడానికి నెలలు పడుతుంది. పీకొద్దని చెప్పండి.

---

మోకాలి_చిప్ప (ఆగస్టు 30, రాత్రి 8:11)

బూట్లు సగం సైజు పెద్దవి కొనాలి, కాళ్లు వాచుతాయి. రాయడం మర్చిపోయాను, తప్పు నాదే.

---

వంటింటి_వదిన (ఆగస్టు 30, రాత్రి 9:02)

పచ్చడి కవర్లో పెట్టారా! గోంగూరని నూనెలో బాగా మగ్గించి, డీహైడ్రేటర్‌లో అప్పడంలా ఎండబెట్టి ముక్కలు చేసుకోవాలి బాబూ. అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా.

---

గుంటూరు_కారం_ఫ్రీమాంట్ (ఆగస్టు 30, రాత్రి 9:20)

కందిపొడి మిగిలిందా?

---

సాఫ్ట్‌వేర్_సన్యాసి (ఆగస్టు 30, రాత్రి 9:26)

రెండో రోజుకే అయిపోయింది అన్నా. ప్రోటీన్ పౌడరు బదులు అది తెచ్చుకోవాల్సిందని బావమరిది ఇప్పటికీ గొణుగుతున్నాడు. ఇంతకీ గొడ్డలి ఎవరికైనా కావాలా? కొత్తది, కవరు కూడా విప్పలేదు, ఫ్రీమాంట్‌లోనే ఉంటాను.